పాత థార్ బెటరా, కొత్త థార్ బెటరా? డీజిల్ ఇంజిన్ల మధ్య అసలు తేడా ఇక్కడుంది!

మహీంద్రా థార్ తొలిసారి మార్కెట్లోకి వచ్చింది 2010 అక్టోబర్‌లో. అంటే ఆ మొదటి బ్యాచ్ బండ్లకు పదిహేనేళ్లు నిండాయి. ప్రైవేటు వాహనం ఆర్సీ గడువు పదిహేనేళ్లే కాబట్టి, వాటి ఓనర్లు ఇప్పుడు ఆర్టీఏ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి కేంద్రం పెట్టిన ఫీజే 5 వేల రూపాయలు. మరోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారడంతో కొత్త థార్ ధర దిగొచ్చింది.

దీంతో చాలామందికి ఒకటే డౌట్. పాత బండికి ఖర్చు పెట్టి ఇంకో ఐదేళ్లు నడపాలా? సెకండ్ హ్యాండ్‌లో మంచి పాత థార్ దొరికితే పట్టేయాలా? లేక లోన్ పెట్టి కొత్తది బుక్ చేయాలా? రీల్స్ చూసి తేల్చుకుందామంటే, ఒకాయన పాత ఇంజినే రాజు అంటాడు. ఇంకొకాయన కొత్త ఇంజిన్ ముందు పాతది ట్రాక్టర్‌తో సమానం అంటాడు. నిజానికి ఇద్దరూ సగం సగం చెబుతున్నారు.

ముందు లెక్కలు

థార్ చరిత్రలో జనానికి బాగా తెలిసిన డీజిల్ ఇంజిన్లు నాలుగు. మొదటిది డీఐ. 2,523 సీసీ, 63 బీహెచ్‌పీ పవర్, 182.5 న్యూటన్ మీటర్ల టార్క్. ఎక్కువగా జిల్లాలు, పల్లెలను దృష్టిలో పెట్టుకుని అమ్మిన బీఎస్-3 ఇంజిన్ ఇది. రెండోది అసలైన 'పాత థార్' అని అందరూ చెప్పుకునే సీఆర్‌డీఈ. 2,498 సీసీ, 105 బీహెచ్‌పీ, 247 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్లు.

2020 ఆగస్టు 15న కంపెనీ కొత్త తరం థార్‌ను చూపించి, అక్టోబర్ 2న అమ్మకాలు మొదలుపెట్టింది. అందులో డీజిల్ ఇంజిన్ పేరు ఎంహాక్ 130. ఇది 2,184 సీసీనే. అంటే పాతదానికంటే చిన్నది. కానీ పవర్ 130 బీహెచ్‌పీ, టార్క్ 300 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు, కావాలంటే ఆటోమేటిక్ కూడా. 2023 జనవరిలో ఇంకా చిన్నది వచ్చింది. 1,497 సీసీ, 117 బీహెచ్‌పీ. టార్క్ మాత్రం మళ్లీ 300 న్యూటన్ మీటర్లే!

చూడగానే 1.5 లీటర్ ఇంజిన్ కూడా 2.2 లీటర్‌తో సమానం అనిపిస్తుంది. షోరూంలో సేల్స్‌వాళ్లు కూడా ఈ 300 అంకెనే గట్టిగా చెబుతారు. అయితే చూడాల్సింది టార్క్ ఎంత వస్తుందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వస్తుందన్నది కూడా.

పాత సీఆర్‌డీఈలో 247 న్యూటన్ మీటర్లు 1,800 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య వస్తాయి. అంటే ఫుల్ టార్క్ దొరికేది కేవలం 200 ఆర్‌పీఎం పరిధిలోనే. అరకు ఘాట్‌లోనో మారేడుమిల్లి మలుపుల్లోనో పాత థార్ నడిపినవాళ్లకు ఇది బాగా తెలుసు. 1,800 కిందికి పడితే బండి బరువెక్కినట్టు ఉంటుంది, గేరు దించక తప్పదు. ఎంహాక్ 130లో 300 న్యూటన్ మీటర్లు 1,600 నుంచి 2,800 దాకా ఉంటాయి. అంటే 1,200 ఆర్‌పీఎం వెడల్పు. అదే మలుపులో గేరు మార్చకుండానే లాగేస్తుంది. 1.5 లీటర్‌లో ఆ పరిధి 1,750 నుంచి 2,500 వరకే. చదును రోడ్డు మీద తేడా పెద్దగా తెలియదు. ఐదుగురు కాదు కదా, నలుగురు లగేజీతో ఎక్కి ఘాట్ మొదలైతే మాత్రం తెలుస్తుంది.

పవర్ విషయంలో కొత్తదానిదే పైచేయి, ఇందులో వాదనకేమీ లేదు. మరి పాతదాని మీద అంత మోజు ఎందుకు?

'స్పానర్ ఉంటే చాలు' అన్న మాట ఎంతవరకు నిజం?

పాత థార్ ఫ్యాన్స్ ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. 'అడవిలో ఆగిపోయినా స్పానర్, స్క్రూడ్రైవర్ ఉంటే మళ్లీ స్టార్ట్ చేయొచ్చు' అని. ఇది డీఐ ఇంజిన్ విషయంలో చాలావరకు నిజం. ఆ ఇంజిన్ మూలాలు ట్రాక్టర్ ఇంజిన్‌లో ఉన్నాయి. డీజిల్‌ను సిలిండర్లలోకి పంపేది మెకానికల్ పంపు. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గోల లేదు. పాడేరు, చింతపల్లి వైపు కమాండర్ జీపులు రిపేరు చేసిన మెకానిక్ ఎవరైనా దాన్ని విప్పి బిగించగలడు.

కానీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో జనం ఎగబడేది డీఐ కోసం కాదు, సీఆర్‌డీఈ కోసం. సీఆర్‌డీఈ అంటేనే కామన్ రైల్. అందులో ఈసీయూ ఉంది, సెన్సర్లు ఉన్నాయి, భారీ ఒత్తిడితో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఉన్నాయి. కల్తీ డీజిల్ పడినా, ఫిల్టర్‌లో నీళ్లు చేరినా ముందు దెబ్బతినేది ఆ ఇంజెక్టర్లే. చెట్టు కింద స్పానర్‌తో అయ్యే పని కాదది. అంటే డీఐకి ఉన్న మొండి పేరును సీఆర్‌డీఈ కూడా వాడేసుకుంటోంది అన్నమాట. కొనేవాళ్లు మొదట గమనించాల్సింది ఇదే. 'పాత థార్' అని ఒకే మాటతో పిలుస్తున్నా, ఆ పేరు కింద ఉన్నవి రెండు వేర్వేరు కాలాల ఇంజిన్లు.

అయినా సీఆర్‌డీఈకి కొత్తదానితో పోలిస్తే ఒక అసలైన సుఖం ఉంది. అది పవర్‌లో లేదు, పొగ గొట్టంలో ఉంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత ఏం జరిగింది?

సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు ప్రకారం 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 వాహనాలే అమ్మాలి. డీజిల్ కార్లకు ఇది మామూలు దెబ్బ కాదు. బీఎస్-4లో కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి కణాలు వదలొచ్చు. బీఎస్-6లో అది 4.5 మిల్లీగ్రాములు. నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి పడిపోయాయి. డీజిల్‌లో సల్ఫర్ కూడా 50 పీపీఎం నుంచి 10కి దిగింది. పాత 2.5 లీటర్ ఇంజిన్‌ను ఈ లెక్కలకు సరిపడేలా మార్చడం కంటే పక్కన పెట్టేయడమే కంపెనీకి సులువైంది. అలా సీఆర్‌డీఈ కథ ముగిసింది. దాని వీడ్కోలుగా 2019లో థార్ 700 పేరుతో 700 బండ్లు మాత్రమే అమ్మారు.

కొత్త డీజిల్ ఇంజిన్‌కు మసిని పట్టి ఉంచే ఫిల్టర్ వచ్చింది. దీన్నే డీపీఎఫ్ అంటారు. పొగ గొట్టం దారిలో తేనెతుట్టె గదుల్లాంటి నిర్మాణం ఉంటుంది, మసి అందులో ఇరుక్కుపోతుంది. బయటికి పొగ కనిపించదు. మరి లోపల చేరిన మసి సంగతేంటి? దాన్ని కాల్చేయాలి. అందుకు ఫిల్టర్ లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిస్తే ఆ పని దానంతట అదే జరిగిపోతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు.

చిక్కు వచ్చేది సిటీలో. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి, అక్కడి నుంచి ఇంటికి.. రోజూ ఇదే రూటు అనుకోండి. సిగ్నల్ దగ్గర ఆగడం, పది మీటర్లు కదలడం, మళ్లీ ఆగడం. ఎగ్జాస్ట్ అంత వేడెక్కదు. కంప్యూటర్ రీజనరేషన్ మొదలుపెడుతుంది, మధ్యలో ఓనర్ ఆఫీసు రాగానే ఇంజిన్ ఆపేస్తాడు. మర్నాడూ అదే తంతు. ఇలా మధ్యలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది. ఆయిల్ పల్చబడుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది! కొత్తగా డీజిల్ బండి కొన్నవాళ్లు ఇది చూసి 'ఆయిల్ అస్సలు తాగట్లేదు, సూపర్ ఇంజిన్' అని మురిసిపోతుంటారు. అది మురిసిపోవాల్సిన విషయం కాదు, సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిన విషయం.

డ్యాష్‌బోర్డ్‌లో డీపీఎఫ్ లైట్ వెలిగితే చాలామంది రేపు చూద్దాంలే అని వదిలేస్తారు. మొదట వెలిగినప్పుడు ఓఆర్ఆర్ ఎక్కి అరగంట, నలభై నిమిషాలు ఆగకుండా నడిపితే సాధారణంగా సరిపోతుంది. అప్పుడు వదిలేస్తే బండి పవర్ తగ్గించేసుకుని మెల్లగా నడుస్తుంది. ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌లో మెషీన్ పెట్టి కాల్పించాలి. అదీ కుదరకపోతే ఫిల్టరే మార్చాలి, ఆ బిల్లు గట్టిగానే ఉంటుంది. ఫిల్టర్ పీకేయించి సాఫ్ట్‌వేర్ మార్పించుకునే 'షార్ట్‌కట్' గురించి కూడా వీడియోలు కనిపిస్తాయి. అది చట్టవిరుద్ధం. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా, వారంటీ దగ్గరా దొరికిపోయే పని.

2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ వచ్చింది. ల్యాబ్‌లోనే కాదు, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా కాలుష్యం అదుపులో ఉండాలన్నది రూల్. దీంతో చాలా డీజిల్ ఎస్‌యూవీల్లో యాడ్‌బ్లూ అనే ద్రవం పోయడం తప్పనిసరైంది. ఐదు డోర్ల థార్ రాక్స్ డీజిల్‌లోనూ ఇది ఉంది. యూరియా, శుద్ధమైన నీరు కలిపిన ద్రావణమే యాడ్‌బ్లూ. అది పూర్తిగా అయిపోతే, డీజిల్ ట్యాంక్ నిండా ఉన్నా ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు. పాత థార్ ఓనర్‌కు ఈ తలనొప్పులేవీ లేవు. డీజిల్ పోయించుకున్నామా, వెళ్లామా.. అంతే.

కాకపోతే ఆ సుఖానికి మూల్యం వెనక వచ్చే బైకు మీది మనిషి చెల్లిస్తున్నాడు, పొగ రూపంలో. ఈ మాట పాత థార్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

చిన్న ఇంజిన్ ఎందుకొచ్చింది? సమాధానం జీఎస్టీలో

బీఎస్-6 సంగతి అలా ఉంచితే, 1.5 లీటర్ ఇంజిన్ మరీ విచిత్రం. ఆఫ్ రోడ్ బండికి ఇంత చిన్న ఇంజిన్ ఎందుకు పెట్టారు? కొండలెక్కడం కోసమైతే కాదు.

థార్ మూడు డోర్ల బండి పొడవు 3,985 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు జస్ట్ 15 మిల్లీమీటర్లు తక్కువ. మన పన్ను విధానంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉంటే చిన్న కారు కింద లెక్క. కాబట్టి 1,497 సీసీ ఇంజిన్ పెట్టగానే థార్ కాగితాల మీద 'చిన్న కారు' అయిపోయింది. ఇంకా ధర తగ్గించడానికి ఫోర్ వీల్ డ్రైవ్ తీసేసి, వెనక చక్రాలకే పవర్ ఇచ్చారు. అలా 2023 జనవరిలో 9.99 లక్షల ఎక్స్ షోరూం ధరకు వచ్చింది.

2025 సెప్టెంబర్‌లో ఈ తేడా ఇంకా పెరిగింది. చిన్న కార్ల పన్ను సెస్సుతో కలిపి 31 శాతం నుంచి 18 శాతానికి పడిపోయింది. 2.2 లీటర్ డీజిల్ మాత్రం 40 శాతం శ్లాబులోకి వెళ్లింది. ఒకే షోరూంలో, చూడటానికి ఒకేలా ఉండే రెండు థార్‌లు. ఒకదాని మీద 18, ఇంకోదాని మీద 40! కంపెనీ ప్రకటించిన ధర తగ్గింపు కూడా టూ వీల్ డ్రైవ్ డీజిల్‌కు గరిష్ఠంగా 1.35 లక్షలైతే, ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కు 1.01 లక్షలు.

రూల్స్ చూసి ఇంజిన్ సైజు మార్చడం ఈ కంపెనీకి కొత్తేం కాదు. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ ఆపేస్తే, నెల తిరిగేసరికి స్కార్పియో, ఎక్స్‌యూవీ 500లకు 1.99 లీటర్ ఇంజిన్ తెచ్చింది. 2016లో నాలుగు మీటర్ల లోపు బొలెరోకు 1.5 లీటర్ ఇంజిన్ పెట్టింది కూడా పన్ను లెక్క చూసే. కాబట్టి థార్ బానెట్ కింద ఏ ఇంజిన్ ఉండాలన్నది కొండలు, వాగులు చూసి తేల్చిన విషయం కాదు. ఒకవైపు కాలుష్యం రూల్స్, ఇంకోవైపు జీఎస్టీ శ్లాబులు కలిసి తేల్చాయి.

దీనివల్ల నష్టపోయేది ఎవరంటే, తేడా తెలియకుండా కొనేవాళ్లు. టూ వీల్ డ్రైవ్ థార్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ ఉండదు, లో రేంజ్ గేరు ఉండదు. బురదలో ఇరుక్కుంటే, ఇసుకలో దిగబడితే ముందు చక్రాలు సాయం చేయవు. ఆకారం మాత్రం థార్‌దే. వర్షాకాలంలో పొలం దారిలో వెళ్లాల్సిన రైతుకు, ఏజెన్సీ గ్రామాలకు తిరిగే కాంట్రాక్టర్‌కు ఇది పనికొచ్చే బండి కాదు. అలాంటి దారుల్లో పాత సీఆర్‌డీఈ ఫోర్ బై ఫోర్, సరికొత్త 1.5 టూ వీల్ డ్రైవ్‌ను సునాయాసంగా దాటి వెళ్లిపోతుంది.

ఇంజిన్ ఒక్కటే చూస్తే సరిపోదు

పాత థార్‌కు వెనక కమాన్ పట్టీలు. కొత్తదానికి కాయిల్ స్ప్రింగులు. గ్రౌండ్ క్లియరెన్స్ 200 నుంచి 226 మిల్లీమీటర్లకు పెరిగింది. పాతదాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ 2019లో చివరి రోజుల్లో వచ్చింది. కొత్త థార్ 2020 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 4 స్టార్లు తెచ్చుకుంది. కుటుంబంతో హైవే ఎక్కేవాళ్లు ఇంజిన్ వాదన పక్కన పెట్టి ముందు ఈ ఒక్కటి చూసుకుంటే చాలు.

అలాగని కొత్తది కాబట్టి లోపాలే ఉండవని కాదు. 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లను క్యామ్‌షాఫ్ట్ సమస్య అనుమానంతో 2021 ఫిబ్రవరిలో కంపెనీయే వెనక్కి పిలిపించి ఉచితంగా సరిచేసింది. ఆ నెలల్లో తయారైన బండి సెకండ్ హ్యాండ్‌లో వస్తే, ఆ పని జరిగిందో లేదో సర్వీస్ రికార్డులో చూడాల్సిందే.

నీళ్ల విషయం కూడా చెప్పుకోవాలి. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెబుతుంది. అంటే రెండడుగుల పైచిలుకు. నిలకడగా ఉన్న నీటికి ఆ లెక్క. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ముంచెత్తినప్పుడు చూసిన వరద వేరు. గాలి లాక్కునే దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే పాత ఇంజిన్ అయినా, కొత్త ఇంజిన్ అయినా కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు, తోయించి బయటికి తెచ్చుకోవాలి.

మరి ఎవరికి ఏది?

రోజూ సిటీలో పది, పదిహేను కిలోమీటర్లు తిరిగి, నెలకోసారి కూడా హైవే ఎక్కనివాళ్లకు కొత్త డీజిల్ థార్ సరైన బండి కాదు. వాళ్లకు పెట్రోలే మేలు. వారానికోసారైనా ఊరికి వెళ్లొచ్చేవాళ్లు, ఘాట్ రోడ్లు తిరిగేవాళ్లు పన్ను భారం ఎక్కువైనా 2.2 లీటర్ ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే తర్వాత బాధపడరు. థార్ లుక్ కావాలి, హైవే ప్రయాణాలు ఉన్నాయి, బురదలోకి దిగే పనే లేదు అనుకుంటే 1.5 లీటర్ డీజిల్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అడవి దారుల్లో రోజువారీ పని ఉండి, సర్వీస్ సెంటర్ వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు మాత్రం మంచి కండిషన్‌లో ఉన్న సీఆర్‌డీఈ ఇప్పటికీ తీసిపారేసేది కాదు.

కాకపోతే 'మంచి కండిషన్' అన్న మాట దగ్గరే మోసాలు జరుగుతాయి. సీఆర్‌డీఈ చూడటానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. ఓనర్ ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే అనుమానించాల్సిందే. ఫస్ట్ సెల్ఫ్‌కు అందుకోవాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్ల ఖర్చు తప్పదు, నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. ఫోర్ బై ఫోర్ లివర్ వేసి, మట్టి నేల మీద కాస్త దూరం నడిపి చూడాలి. ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేసిన లివర్లు బిగుసుకుపోయి ఉంటాయి. వెనక ఛాసిస్, కమాన్ పట్టీల దగ్గర తుప్పు చూడాలి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరంలో తిరిగిన బండి అయితే.

ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షల గొడవ 2015 నుంచి నడుస్తూనే ఉంది. అందుకే పదేళ్లకు దగ్గరపడిన థార్‌లు చౌకగా హైదరాబాద్ చేరుతుంటాయి. ధర చూసి టెంప్ట్ అయి అడ్వాన్స్ ఇచ్చేస్తే, ఎన్‌ఓసీ చేతికి రాక బండి షెడ్డులోనే ఉండిపోతుంది. ఎన్‌ఓసీ వచ్చినా ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబర్ మార్పించుకోవాలి. ఆ ఖర్చు, పదిహేనేళ్లకు ఇంకా ఎన్నేళ్లు మిగిలింది అన్న లెక్క.. రెండూ వేసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

కొత్తది బుక్ చేసేవాళ్లు ఫారం మీద సంతకం పెట్టే ముందు వేరియంట్ పేరు పక్కన టూ వీల్ డ్రైవ్ అని ఉందో, ఫోర్ వీల్ డ్రైవ్ అని ఉందో చదవండి. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్‌లో లోపల టచ్‌స్క్రీన్ పెద్దదైంది గానీ, డీజిల్ ఇంజిన్లు అవే రెండు.